వామాకు, సరస్వతి ఆకు, మానని పుండు

మోకాలు గీరుకుపోవటం మీకు కొత్త కాదు. ఆటలో పడతారు, చర్మం లేచిపోతుంది, కాస్త రక్తం కారుతుంది. కుళాయి కింద కడుక్కుని మళ్ళీ ఆటలోకి పరిగెడతారు. మర్నాటికి పక్కు కడుతుంది. వారం పది రోజుల్లో ఆ పక్కు రాలిపోయి, దాని కింద లేత చర్మం కనిపిస్తుంది. ఇందులో మీరు చేసిన పని ఏమీ లేదు. పక్కును గోటితో గిల్లకుండా ఉంటే అదే పెద్ద సాయం!

ఇప్పుడు మీ ఇంట్లో తాతగారికో, అమ్మమ్మగారికో చక్కెర వ్యాధి ఉందనుకోండి. కొత్త చెప్పు కరిచి మడమ మీద చిన్న బొబ్బ లేచింది. అది చితికింది. పది రోజులయింది, నెలయింది, మానలేదు. పైగా లోతయింది. మీ మోకాలి మీద వారంలో జరిగిపోయిన పని ఆయన మడమ మీద నెల దాటినా ఎందుకు జరగలేదు? ఇద్దరి ఒంట్లోనూ ఉన్నది చర్మమే, రక్తమే కదా?

ఈ ప్రశ్న ఒక ఇంటిది కాదు. భారత వైద్య పరిశోధనా మండలి దేశమంతటా జరిపిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. మధుమేహం ఉన్న ప్రతి 100 మందిలో 19 నుంచి 34 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కాలి మీద పుండు పడుతుందని వైద్యుల అంచనా. అటువంటి పుండు ముదిరితే వేలో, పాదమో, ఒక్కొక్కప్పుడు కాలో తీసివేయవలసి వస్తుంది. కనుక మానని పుండును మాన్పించే మందు ఎక్కడ దొరుకుతుందా అని ప్రపంచమంతా వెతుకుతోంది. ఆ వెతుకులాటలో మన పెరటి ఆకులు రెండు మంచి పేరు తెచ్చుకున్నాయి. అవి ఏవో, ఎలా తెచ్చుకున్నాయో చూద్దాం. అయితే ముందుగా గాయం ఎలా మానుతుందో తెలియాలి. అది తెలియకుండా ఆకు సంగతి మాట్లాడటం, జబ్బు తెలియకుండా మందు చెప్పటం వంటిది.

కూలిన గోడ

తుఫానుకి ఇంటి గోడ ఒకటి కూలిందనుకోండి. మొట్టమొదట ఏం చేస్తారు? వాన నీళ్ళు లోపలికి రాకుండా తాటాకులో, టార్పాలినో అడ్డం కడతారు. ఆ తరువాత కూలీలు వచ్చి మట్టిపెళ్ళలు, విరిగిన ఇటుకలు ఎత్తిపోస్తారు. చోటు శుభ్రపడ్డాక మేస్త్రీ వస్తాడు. గోడ లేచాక గిలాబా, సున్నం.

శరీరం చేసే పని కూడా సరిగ్గా ఇదే వరుసలో జరుగుతుంది. తెగిన కొద్ది నిమిషాలకే రక్తంలోని ఫలకికలు అక్కడ గుమిగూడి, ఫైబ్రిన్ అనే దారాలతో వల అల్లి, రక్తాన్ని గడ్డ కట్టిస్తాయి. అది టార్పాలిన్. కొన్ని గంటలలో తెల్ల రక్తకణాలలో న్యూట్రోఫిల్స్ అనేవి వచ్చి, గాయంలో దూరిన సూక్ష్మజీవులను మింగటం మొదలుపెడతాయి. రెండు మూడు రోజులకు మాక్రోఫేజ్‌లు, అంటే పెద్ద భక్షక కణాలు వస్తాయి. గాయం చుట్టూ ఎర్రగా, వెచ్చగా, వాచి ఉండే రోజులు ఇవే.

ఈ భక్షక కణాల సంగతి కాస్త జ్ఞాపకం పెట్టుకోండి, ముందు ముందు పని ఉంది. ఇవి రెండు వేషాలు వేస్తాయి. మొదటి వేషంలో ఇవి చెత్త ఎత్తే కూలీలు. సూక్ష్మజీవులను, చచ్చిన కణాలను, పాడైన కండను తిని శుభ్రం చేస్తాయి. ఆ పని అయ్యాక ఇవే వేషం మార్చుకుని మేస్త్రీలకు కబురు పంపే పెద్దమనుషులవుతాయి. కొత్త రక్తనాళాలు మొలకెత్తటానికి, ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు పనిలోకి దిగటానికి కావలసిన రసాయన సందేశాలు ఇవ్వటం అప్పుడు వీటి పని.

ఫైబ్రోబ్లాస్టులే మేస్త్రీలు. ఇవి కొల్లాజెన్ అనే మాంసకృత్తిని తయారుచేస్తాయి. మూడు పోగులు పేనిన తాడులా ఉంటుంది కొల్లాజెన్. చర్మానికి, ఎముకకు, కండరాన్ని ఎముకకు కట్టివుంచే స్నాయువుకు కూడా బలమిచ్చేది ఈ తాడే. ఇది గట్టిగా పేనుకోవాలంటే విటమిన్ సి కావాలి. పూర్వం నెలల తరబడి ఓడలలో తిరిగిన నావికులకు, తాజా పళ్ళు కూరలు లేక, స్కర్వీ వ్యాధి వచ్చినప్పుడు ఎప్పుడో మానిన పాత గాయాలు కూడా మళ్ళీ విచ్చుకునేవి. అంటే మానిన చోట కూడా తాడు తెగుతూ, కొత్తది పేనుకుంటూ ఉంటుందన్నమాట.

చివరికి అంచుల నుంచి పైచర్మం కణాలు పాకి వచ్చి గాయాన్ని కప్పివేస్తాయి. పైకి పని అయిపోయినట్లే కనిపించినా లోపల తాళ్ళను సర్దుకోవటం ఏడాది పైగా కూడా సాగుతుంది. అంత సర్దుకున్నా, మచ్చ పడిన చోట చర్మానికి మొదటి బలంలో 80 శాతానికి మించి రాదు.

నొప్పి లేకపోవటమే ముప్పు

సరే, మధుమేహంలో ఈ వరుస ఎక్కడ చెడుతుంది? ఒక్కచోట కాదు, దాదాపు ప్రతి మెట్టు మీదా.

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే అది మాంసకృత్తులకు అంటుకుపోతుంది. బెల్లం పాకం వేలికి అంటుకున్నట్లు అనుకోండి. పాకం అంటిన తాడు బిరుసెక్కుతుంది, కొల్లాజెన్ కూడా అంతే. చిన్న రక్తనాళాల గోడలు మందమై, పనిచోటుకు ప్రాణవాయువు, ఆహారం సరిగ్గా అందవు. న్యూట్రోఫిల్స్ మందకొడిగా కదులుతాయి. ఇక భక్షక కణాలు మొదటి వేషం వదలవు! చెత్త ఎత్తే కూలీలు ఇంటికి వెళ్ళకుండా, మేస్త్రీ పెట్టిన కొత్త ఇటుకలను కూడా చెత్త అనుకుని పీకి పారేస్తూ ఉంటే గోడ ఎప్పటికి లేస్తుంది? మధుమేహపు పుండు నెలల తరబడి వాపుతో, రసి కారుతూ ఉండిపోవటానికి ముఖ్యమైన కారణాలలో ఇది ఒకటి.

వీటన్నిటికంటె కపటమైన చిక్కు మరొకటి ఉంది. ఎక్కువ చక్కెర నరాలను కూడా పాడుచేస్తుంది. పాదాలకు స్పర్శ తగ్గిపోతుంది. చెప్పులో రాయి ఉన్నా, ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

నొప్పి లేకపోతే హాయే కదా అని మీకు తోచవచ్చు. కాదని నిరూపించినవారిలో ముఖ్యుడు పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు. ఇప్పటి తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన ఈ ఆంగ్లేయుడు, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరారు. అక్కడ కుష్ఠు రోగుల చేతులకు, కాళ్ళకు చికిత్స చేస్తూ ఆయన ఒక సంగతి గమనించారు. కుష్ఠు వల్ల కండ దానంతట అదే కుళ్ళి వేళ్ళు పోతాయని అప్పటి నమ్మకం. ఆయన చూసింది వేరు. ఆ వ్యాధి నరాలను చంపుతుంది. నొప్పి తెలియని చెయ్యి వేడి గిన్నెను వదలదు, నొప్పి తెలియని కాలు దెబ్బ తగిలిన చోటనే మళ్ళీ మళ్ళీ అడుగు వేస్తుంది. పుండు పడటానికి కారణం ఆ దెబ్బలే. మనకు కాలు నొప్పి పుడితే వెంటనే కుంటుతాం. ఆ కుంటటమే గాయానికి విశ్రాంతి. నొప్పి తెలియనివాడు కుంటడు!

1966లో ఆయన అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళారు. కుష్ఠు రోగుల పాదాలలో నేర్చిన పాఠం మధుమేహ రోగుల పాదాలకూ వర్తిస్తుందని అక్కడ చూపించారు. పుండు ఉన్న పాదానికి సరిగ్గా అతుక్కునేలా పిండికట్టు వేసి, పుండు మీద బరువు పడకుండా చేస్తే, అంతవరకూ మొండికేసిన పుండ్లు మానటం మొదలుపెట్టాయి. అంటే, మందు ఎంత గొప్పదైనా, రోగి ఆ పుండు మీదనే రోజూ వెయ్యి అడుగులు వేస్తూ ఉంటే అది పనిచేయదన్నమాట. ఆకుల దగ్గరకు వెళ్ళేముందు దీన్ని గట్టిగా పట్టుకోండి.

పలకాకు నుంచి ప్రయోగశాలకు

ఆకు పసరుతో గాయాలు మాన్పటం మనకు చాలా పాత విద్య. గాయాలకు చేయవలసిన ఉపచారాలను సుశ్రుతుడు 60గా లెక్కపెట్టాడు. ప్రమేహం ఉన్నవారికి పుట్టే కురుపులను గురించి తన సంహితలో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే రాశాడు. చక్కెర వ్యాధికీ, మొండి పుండ్లకూ సంబంధం ఉందని అంత పూర్వమే గమనించారంటే వారి చూపు ఎంత నిశితమో చూడండి.

మరి మన పల్లెల్లో దెబ్బ తగిలితే మొదట చెయ్యి వెళ్ళేది గడ్డిచామంతి మీదకు. గట్ల మీద, బళ్ళ ఆవరణల్లో పసుపుపచ్చ నడిబొడ్డు, చుట్టూ నాలుగైదు తెల్లని రేకులతో పూసే చిన్న మొక్క అది. పలకలు తుడవటానికి వాడేవారు కనుక పలకాకు అనీ, గాయాలకు రాసేవారు కనుక గాయపాకు అనీ అంటారు. దీని శాస్త్రీయ నామం ట్రైడాక్స్ ప్రొకంబెన్స్. తమాషా ఏమిటంటే, మనం అనాదిగా మనదే అనుకునే ఈ మొక్క అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చింది! సుశ్రుతుడు దీన్ని చూసి ఉండడు. వచ్చిన కొద్ది శతాబ్దాలలోనే మన పల్లె ప్రజలు దాని గుణం కనిపెట్టి పేరు కూడా పెట్టేశారు. 1980ల తొలి సంవత్సరాలలో మన శాస్త్రజ్ఞులు దీని రసాన్ని ఎలుకల మీద పరీక్షించి, గాయం మానటాన్ని అది ప్రభావితం చేస్తుందని ప్రకటించారు.

సరస్వతి ఆకు కథ ఇంకా ముందుకు వెళ్ళింది. నీటి తావుల పక్కన నేల మీద పాకుతూ, మూత్రపిండం ఆకారంలో గుండ్రని ఆకులతో ఉండే మొక్క ఇది. సంస్కృతంలో మండూకపర్ణి. దీన్ని కొందరు బ్రాహ్మి అంటారు. చిక్కేమిటంటే, సన్నని దళసరి ఆకులుండే మరొక మొక్కను కూడా బ్రాహ్మి అనే అంటారు. రెండూ రెండు వేరు కుటుంబాలకు చెందినవి. ఒకే పేరుకు రెండు మొక్కలు, ఒకే మొక్కకు పది పేర్లు ఉంటే మందు తయారు చేసేవాడి గతేమిటి? అందుకే శాస్త్రజ్ఞులు నోరు తిరగని లాటిన్ పేర్లు పెట్టుకుంటారు. సరస్వతి ఆకు పేరు సెంటెల్లా ఏషియాటికా, రెండో మొక్క పేరు బకోపా మొన్నియెరి. ఇక చదువుకునే పిల్లలకు సరస్వతి ఆకు పెడితే జ్ఞాపకశక్తి పెరుగుతుందని పెద్దవాళ్ళు చెప్పే మాట జోలికి ఇక్కడ పోవటం లేదు. మనకు కావలసింది దాని ఆకులో ఉండే ఆసియాటికోసైడ్ అనే పదార్థం.

1999లో లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు ఆసియాటికోసైడ్‌ను విడిగా తీసి, గినీపందుల చర్మం మీద చేసిన చిన్న గాయాలకు దాని 0.2 శాతం ద్రావణం పూశారు. మానిన చర్మంలో హైడ్రాక్సీప్రోలిన్ అనే పదార్థం 56 శాతం, చర్మం బలం 57 శాతం పెరిగాయి. హైడ్రాక్సీప్రోలిన్ ఎందుకు కొలిచారు? అది శరీరంలో ముఖ్యంగా కొల్లాజెన్‌లోనే ఉంటుంది. గాదెలో ఎన్ని బస్తాలున్నాయో తెలుసుకోవటానికి మూతులు కట్టిన పురికొసలు లెక్కపెట్టినట్లు, హైడ్రాక్సీప్రోలిన్ ఎంత ఉందో తెలిస్తే కొల్లాజెన్ ఎంత తయారయిందో తెలుస్తుంది. బలం కొలవటం ఇంకా సులువు. మానిన చర్మాన్ని లాగి, ఎంత బరువుకు తెగుతుందో చూస్తారు. తరువాత మధుమేహం కలిగించిన ఎలుకల గాయాలకు 0.4 శాతం ద్రావణం పూశారు. ఆలస్యంగా మానే ఆ గాయాలలో కూడా కొల్లాజెన్, బలం రెండూ పెరిగాయి.

ఎలుకకు మానితే మనిషికి మానినట్లేనా? కాదు. ఎలుక చర్మం వదులుగా ఉండి, గాయం చాలావరకు ముడుచుకుపోయి మూసుకుంటుంది. మన చర్మం అలా ముడుచుకోదు, కొత్త కండ పెరిగి పూడవలసిందే. పైగా ఎలుక చెప్పులు తొడుక్కుని బజారుకు వెళ్ళదు!

బజ్జీల ఆకు పరీక్షకు కూర్చుంది

రెండో ఆకు మీరు తిన్నదే. కుండీలలో పెంచుకునే, దళసరిగా, నూగుతో, అంచులు గంట్లుగంట్లుగా ఉండే వామాకు. దీనితో బజ్జీలు వేస్తారు, జలుబు చేస్తే పసరు తాగిస్తారు. కర్పూరవల్లి అన్నా ఇదే. పాత పుస్తకాలలో ప్లెక్ట్రాంతస్ ఆంబోయినికస్ అనీ, కొత్త వాటిలో కోలియస్ ఆంబోయినికస్ అనీ ఉంటుంది. ఆకు నలిపితే వాము వాసన వస్తుంది కాని, వాము గింజలు ఈ మొక్కవి కావు. వామాకు తులసి కుటుంబం, వాము మొక్క కొత్తిమీర కుటుంబం. రెండింటిలోనూ థైమాల్ అనే పదార్థం ఉండటం వల్ల ఆ పోలిక వచ్చింది. ఇంకో విచిత్రం వినండి. వాసనలో ఏ పోలికా లేని సరస్వతి ఆకు కూడా కొత్తిమీర కుటుంబానిదే! ముక్కును నమ్ముకుని చుట్టరికాలు కలపకూడదన్నమాట.

తైవాన్ శాస్త్రజ్ఞులు వామాకు నుంచి ఒక భాగాన్ని, సరస్వతి ఆకు నుంచి ఒక భాగాన్ని వేరుచేసి, రెండూ కలిపి ఒక లేపనం తయారుచేశారు. భక్షక కణాలు మొదటి వేషం వదిలి రెండో వేషం వేసుకునేలా ఇది చేస్తుందని వారి వివరణ. చెత్త ఎత్తే కూలీలను పంపించి మేస్త్రీలను పిలవటం! ఆ లేపనాన్ని తైవాన్, చైనా, అమెరికా దేశాలలోని 21 వైద్య కేంద్రాలలో 236 మంది మధుమేహ రోగుల కాలి పుండ్ల మీద పరీక్షించారు. 2012 నవంబరులో మొదలైన పరీక్ష 2020 మే వరకు సాగింది. ఫలితాలు 2021లో ప్రచురించారు.

పరీక్ష ఎలా చేశారో చూడండి, ఫలితం కంటె అదే నేర్చుకోదగ్గది. ఎవరికి లేపనం, ఎవరికి మామూలు కట్టు అన్నది డాక్టరు ఇష్టానికి వదలలేదు. బొమ్మాబొరుసూ వేసినట్లు యాదృచ్ఛికంగా పంచారు. లేకపోతే కాస్త తేలిక పుండ్లన్నీ తెలియకుండానే లేపనం వైపు చేరిపోవచ్చు. లేపనం 122 మందికి వచ్చింది, రసిని పీల్చే మంచి కట్టు 114 మందికి వచ్చింది. 16 వారాలు చూశారు. లేపనం వాడినవారిలో 74 మందికి, అంటే 60.7 శాతానికి పుండు పూర్తిగా మానింది. కట్టు మాత్రమే వాడినవారిలో 40 మందికి, అంటే 35.1 శాతానికి మానింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఆ 40 మందిని గురించి ఆలోచించండి. వాళ్ళకు ఏ ఆకూ పూయలేదు. అయినా మానింది! ఆ 40 మందిలో ఒకరికి ఎవరైనా ఏదో పసరు పూసి ఉంటే, ఊరంతా ఆ పసరు మహిమే చెప్పుకునేది. "మా మేనమామకు ఫలానా ఆకుతో మానింది" అన్న మాట అబద్ధం కాకపోవచ్చు. కాని అది ఆకు వల్లనే మానిందనటానికి రుజువూ కాదు. పక్కన ఆకు పూయని మరో గుంపు ఉండి, రెండింటినీ పోల్చినప్పుడే తేడా తెలుస్తుంది. ఈ పరీక్షలోనూ ఒక లోటు లేకపోలేదు. లేపనానికి, కట్టుకు రూపంలో తేడా ఉంది కనుక తాము ఏది వాడుతున్నదీ రోగులకు తెలుసు. అందుకని పుండు మానిందో లేదో తేల్చే పనిని, ఎవరు ఏది వాడారో తెలియనివారికి అప్పగించారు. 2021లోనే తైవాన్ ప్రభుత్వం ఆ లేపనాన్ని మందుగా అమ్మటానికి అనుమతించింది.

అయితే వామాకూ, సరస్వతి ఆకూ నూరి అమ్మమ్మ కాలికి కట్టేద్దామా? వద్దు. ఈ సంగతి మీ ఇంట్లోవాళ్ళకూ చెప్పండి. ఆకులో ఉన్న మందు భాగం నేలను బట్టి, ఋతువును బట్టి, ఆకు ముదురును బట్టి మారుతుంది. లేపనంలో అది కొలత ప్రకారం ఉంటుంది, సూక్ష్మజీవులు ఉండవు. రోట్లో నూరిన ముద్దలో మట్టి ఉంటుంది, మట్టిలో ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవి విత్తులు ఉండవచ్చు. మీ మోకాలికి పసరు పూసి పొరపాటు జరిగితే మంట పుడుతుంది, కడిగేస్తారు. స్పర్శ లేని పాదంలో చీము పట్టినా మంట తెలియదు. పైగా ఆ పరీక్షలో చేర్చుకున్నవి మరీ లోతుకు పోని పుండ్లు మాత్రమే. ఎముక దాకా దిగిన పుండుకూ, రక్తం అందక నల్లబడిన వేలుకూ ఆ ఫలితం వర్తించదు. అన్నిటికంటె పెద్ద నష్టం, పసరు కట్టుకుంటూ కూర్చున్న పది రోజులు. మధుమేహం ఉన్నవారి కాలి మీద పుండు పడితే అది ఎంత చిన్నదైనా వెంటనే డాక్టరుకు చూపించాలి. ఆయన చచ్చిన కండ తీసి శుభ్రం చేస్తారు, నాడి చూసి పాదానికి రక్తం అందుతోందో లేదో చెబుతారు, పుండు మీద బరువు పడకుండా ఏర్పాటు చేస్తారు, చక్కెరను అదుపులోకి తెస్తారు. లేపనాల వంతు ఆ తరువాతే.

మీరు ఈ రాత్రే చేయగలిగిన పని ఒకటుంది. ఇంట్లో చక్కెర వ్యాధి ఉన్న పెద్దవారి పాదాలు దీపం వెలుగులో చూడండి. అరికాలు, మడమ, వేళ్ళ సందులు, గోళ్ళ అంచులు. ఎర్రదనం, బొబ్బ, పగులు, కొత్తగా గట్టిపడిన కాయ ఏవైనా ఉన్నాయా? ఆయనను కళ్ళు మూసుకోమని, మీ చూపుడు వేలి కొసతో ఆయన కాలి వేళ్ళను ఒక్కొక్కదాన్ని రెప్పపాటు సేపు తేలికగా తాకి, తగిలినప్పుడల్లా చెప్పమనండి. నొక్కకూడదు, గుచ్చకూడదు. రెండు పాదాలలోనూ బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు తాకితే చాలు. ఆరింటిలో రెండుగాని అంతకంటె ఎక్కువగాని తెలియలేదంటే స్పర్శ తగ్గిందన్నమాట, డాక్టరుకు చెప్పాలి. అటువంటివారు ఎండాకాలం గుడిలో కాలే బండల మీద వట్టి కాళ్ళతో ప్రదక్షిణ చేయకూడదు. స్నానపు నీళ్ళ వేడిని కాలితో కాదు, మోచేతితో చూసుకోవాలి. చెప్పులు, బూట్లు తొడిగేముందు దులిపి, లోపల చెయ్యి పెట్టి చూడాలి. ఒంటరిగా ఉండేవారు, వంగలేనివారు చిన్న అద్దం నేల మీద పెట్టి, దాని పైన పాదం ఎత్తి పట్టుకుంటే అరికాలు తామే చూసుకోవచ్చు.